కోటా తగ్గలేదు, సీజన్ పెరిగింది... మరి ప్లాంటుకే ఎందుకు దెబ్బ?

షిఫ్ట్_ప్లానర్:

అందరికీ నమస్తే. నేనొక సీఫుడ్ ప్రాసెసింగ్ ప్లాంటులో షిఫ్టులు, మనుషులు, ఫ్రీజర్ లోడ్ ప్లాన్ చేసే పని చేస్తా. ఏ ప్లాంటు, ఎక్కడ అనేది వదిలేయండి, ఉద్యోగం కావాలి నాకు :) విషయం ఏంటంటే మా దగ్గర వేట రూల్ మారి రెండు సీజన్లు అయింది. ఇంతకుముందు అందరికీ కలిపి ఒకటే కోటా (ఇంతకు మించి పట్టకూడదన్న పరిమితి) ఉండేది, సీజన్ తెరవగానే బోట్లన్నీ ఒకేసారి పడేవి, కోటా నిండగానే మూసేసేవాళ్ళు. ఇప్పుడు ఏ బోటు కోటా ఆ బోటుకి ముందే రాసిచ్చేశారు, సీజన్ నెలల తరబడి తెరిచే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకోవచ్చు. మొత్తం టన్నులు మాత్రం అంతే, ఒక్క కేజీ తగ్గలేదు.

అయినా మా పని మొత్తం తలకిందులైంది. పాత పద్ధతిలో ఆ నాలుగైదు వారాలు మూడు షిఫ్టులు నడిచేవి, ప్లేట్ ఫ్రీజర్లోంచి ఒక లోడ్ బయటికి తీస్తుంటే ఇంకో లోడ్ ట్రేలు వెనకాల క్యూలో నిలబడి ఉండేవి, అదయ్యాక మెషిన్లు కడిగి మూసేసి మిగతా ఏడాదంతా స్టోరేజీలో సరుకు మెల్లగా అమ్ముకునేవాళ్ళం. ఇప్పుడు చూడండి, మొన్న మంగళవారం ఐదు బోట్లు వస్తాయని లైన్ మీదకి అరవై మందిని పిలిచా, వచ్చింది ఒక్కటి. గ్లవ్స్, ఏప్రాన్లు వేసుకుని అందరూ బెల్టుకి రెండు పక్కలా నిలబడ్డారు, బెల్టు ఖాళీగా తిరుగుతోంది, సూపర్‌వైజర్ నా మొహం చూస్తున్నాడు. గురువారం చెప్పాపెట్టకుండా నాలుగు వచ్చాయి, ఆరోజు మనుషులు లేరు.

పైగా బోటు వాళ్ళు అడిగే రేటు పెరిగింది. ఇవ్వం అంటే "సరేలెండి, వచ్చే వారం పడతాం" అంటారు, వాళ్ళ చేప నీళ్ళలోనే ఉంటుంది కదా, ఎవడూ ఎత్తుకుపోడు. మా పైవాళ్ళేమో ఈ రూలే ఇండస్ట్రీని చంపేస్తోంది అంటున్నారు. నా డౌట్ ఒకటే, ఇది మా ప్లాంటు చేతకానితనమా లేక రూల్ మారిన ప్రతి చోటా ఇలాగే అయిందా? టన్నులు అన్నే ఉన్నప్పుడు డబ్బు మా వైపు నుంచి బోటు వైపుకి ఎలా జారిపోయింది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.


ఉప్పుగాలి:

ప్లానర్ గారూ, మీరు నిద్రలేకుండా పనిచేసిన ఆ నాలుగైదు వారాలు మాకూ నిద్ర లేదండి, కాకపోతే మీ కాళ్ళ కింద నేల కదలదు. నేను పదహారేళ్ళు డెక్ మీద చేశా, అందులో ఎక్కువ భాగం ఆ పరుగు పందెం రోజులే. గాలి ఎక్కువుంది ఆగుదాం అంటే పక్క బోటోడు వెళ్ళిపోతాడు, వాడు పట్టిన ప్రతి చేపా ఉమ్మడి కోటాలోంచి మన వాటా తగ్గినట్టే, అందుకని అందరం వెళ్ళేవాళ్ళం. వల పైకి రాగానే చేపని కోసి, పొట్ట తీసి, ఐస్ వేసి సర్దే టైమ్ ఉండదు, హోల్డులోకి, అంటే బోటు అడుగున చేప నిల్వచేసే గదిలోకి, అలాగే పారబోయడమే, పైన పడిన బరువుకి అడుగు చేప నలిగి పొట్టలు పగిలిపోయేవి. దాన్నే తెచ్చి మీకు దించేవాళ్ళం, మీరు రేటు తగ్గించేవాళ్ళు, మేము నోరుమూసుకుని తీసుకునేవాళ్ళం, ఎందుకంటే వెనకాల ఇంకో ఇరవై బోట్లు దించడానికి నిలబడి ఉంటాయి, చేపేమో గంట గంటకీ పాడవుతుంటుంది. అప్పట్లో మీ ప్లాంటు లాభం ఎక్కడినుంచి వచ్చిందో అందులో కొంచెం ఇక్కడే ఉందండి.

అలాస్కాలో హాలిబట్ అనే పెద్ద చేప కథ వినే ఉంటారు. 1995కి ముందు ముఖ్యమైన ఏరియాల్లో ఏడాదికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 24 గంటలు, అంతే సీజన్. ఆ 24 గంటల్లో తుఫాను పడితే తుఫానులోనే వేట. 1995లో ఎవరి కోటా వాళ్ళకి ఇచ్చాక సీజన్ దాదాపు ఎనిమిది నెలలైంది. అంతకంటే ముందే కెనడా వైపు బ్రిటిష్ కొలంబియాలో ఇదే చేప, 1980లో 65 రోజులున్న సీజన్ 1990కి 6 రోజులకి వచ్చేసింది, 1991లో బోటు కోటాలు పెట్టారు.

అలాగని బోటు వాళ్ళందరూ బాగుపడ్డారు అనుకోకండి. బోటు ఓనర్ వేరు, బోటు మీద వాడు వేరు. అలాస్కా పక్కనే ఉన్న బేరింగ్ సముద్రం పీతల వేటలో 2005లో కోటాలు ఇచ్చారు, బ్రిస్టల్ బే కింగ్ క్రాబ్‌కి ముందు ఏడాది దాకా 250 బోట్లు వెళ్ళేవి, కోటా వచ్చిన మొదటి సీజన్‌కే 89. కోటాలన్నీ కలిపేసుకుని తక్కువ బోట్లతో పట్టుకున్నారు. మిగతా బోట్ల మీద పనిచేసిన వాళ్ళు ఏమయ్యారు అని ఎవరూ అడగలేదు. మిగిలినోళ్ళకైనా కోటా అద్దె (కోటా ఉన్నోడు దాన్ని బోటుకి వాడుకోనిచ్చినందుకు తీసుకునేది) ముందు తీసేసి ఆ మిగిలిందాంట్లో వాటా ఇచ్చారు. చేపని ముట్టుకోనోడు ఒడ్డున కూర్చుని ముందు తన భాగం తీసుకుంటాడు, అదీ సంగతి.


లెక్కల_పిచ్చి:

మంచి ప్రశ్న. ఉప్పుగాలి గారు చెప్పిన "వెనకాల ఇరవై బోట్లు" అన్న మాటలోనే సగం సమాధానం ఉంది, మిగతా సగం మీ ఫ్రీజర్లలో ఉంది.

మీ ప్లాంటు కట్టినప్పుడు ఏం లెక్క వేసుంటారు? సీజన్లో ఎక్కువలో ఎక్కువ చేప వచ్చే రోజున ఎంత వస్తుందో దానికి సరిపడా ఫ్రీజింగ్ కెపాసిటీ పెట్టారు, ఏడాది సగటుకి కాదు. ఆ రోజుల్లో అది తెలివైన పనే, ఎందుకంటే అంత చేపని ఒక్కసారి మింగగలిగే వాడే బేరంలో రాజు. ఇప్పుడు అదే చేప నెలల తరబడి పరుచుకుంది. టన్నులు మారలేదు గానీ ఆ పెద్ద రోజు మాయమైంది, దానికోసం పెట్టిన ఫ్రీజర్ల మీద పెట్టుబడికి విలువ లేదు, అప్పు మాత్రం అలాగే ఉంది. చేప తక్కువ రాలేదు, మీ దగ్గర ఉన్న గొప్ప ఆయుధం పనికిరాకుండా పోయింది.

హాలిబట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పందెం రోజుల్లో వచ్చిందంతా గడ్డకట్టించాల్సిందే, ఒక్కరోజులో దిగిన చేపని తాజాగా ఎవరు తింటారు అంతా! సీజన్ పొడుగయ్యాక తాజా చేప మార్కెట్ తెరుచుకుంది, తాజా చేపకి రేటెక్కువ, పైగా దానికి పెద్ద ఫ్రీజర్ అక్కర్లేదు, ఐస్, రెండు వ్యాన్లు, విమానంలో చోటు ఉంటే చాలు. అందుకని చిన్న చిన్న కొనుగోలుదారులు రేవుకి వచ్చేశారు. పెద్ద ప్లాంట్ల పక్కనుంచే చేప వెళ్ళిపోయింది. దీనిమీద అప్పట్లో ఎకనమిస్టుల మధ్య పెద్ద గొడవే నడిచింది, ప్రాసెసర్ల నష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా కోటా మొత్తం బోట్లకే ఇవ్వడం న్యాయమా కాదా అని.

ఆ గొడవ ఫలితమే తర్వాత వచ్చిన పీతల రూల్. 2005 కార్యక్రమంలో బోట్లకి పట్టే కోటా ఇచ్చినట్టే ప్లాంట్లకి కొనే కోటా ఇచ్చారు. బోటు ఓనర్ల కోటాలో 90 శాతం, ప్రాసెసింగ్ కోటా ఉన్న ప్లాంటుకే దించాలి, మిగతా 10 శాతం ఎవరికైనా అమ్ముకోవచ్చు. కెప్టెన్లకి, సిబ్బందికి కలిపి విడిగా 3 శాతం పెట్టారు (ఉప్పుగాలి గారి కోపానికి కారణం అర్థమవుతుంది). అమెరికా న్యాయశాఖలో యాంటీట్రస్ట్ (వ్యాపారంలో పోటీని కాపాడే విభాగం) వాళ్ళు 2003లోనే ప్లాంట్లకి కోటా ఇవ్వొద్దు, పోటీ చచ్చిపోతుంది అని రాశారు, అయినా ఇచ్చారు. అందుకని రేటు తేలకపోతే మధ్యవర్తి దగ్గరకి వెళ్ళే ఏర్పాటు పెట్టారు, సరుకు మొదటి హోల్‌సేల్ అమ్మకంలో వచ్చిన డబ్బుని పాత రోజుల్లో బోటూ ప్లాంటూ ఎలా పంచుకునేవో చూసి ఆ పాళ్ళకి దగ్గరగా రేటు తేల్చాలని.

అక్కడే పొల్లాక్ అనే చేప వేటలో ఇంకో దారి పట్టారు. 1998 చట్టం ప్రకారం ఒడ్డున ఉన్న ఒక్కో ప్లాంటు చుట్టూ ఒక్కో కో-ఆప్ (సహకార సంఘం), అందులో ఉన్న బోట్లు తమ చేపలో కనీసం 90 శాతం ఆ ప్లాంటుకే ఇవ్వాలి. ఇక్కడ ప్లాంట్లకి లాభమే అయింది. పందెం ఆగాక బోటు తొందరపడక్కర్లేదు, లైన్ నిదానంగా నడపొచ్చు, ఫిల్లెట్ (ముల్లు తీసిన చేప ముక్క) కోసే మెషిన్ సరిగ్గా సెట్ చేసుకోవచ్చు, దాంతో టన్ను చేప నుంచి వచ్చే ఫిల్లెట్, సూరిమి (చేప మాంసం ముద్ద) పెరిగాయి. అంతకుముందు వేగం కోసం పారబోసిన మాంసం ఇప్పుడు డబ్బాలోకి వెళ్తోంది. రూల్ ఒకటే "ఎవరి కోటా వాళ్ళది", కానీ ఎవరికి ఏ హక్కు రాసిచ్చారు అన్నదాన్ని బట్టి ఒక చోట ప్లాంటు ఏడ్చింది, ఇంకోచోట నవ్వింది.


షిఫ్ట్_ప్లానర్:

అమ్మో, ఇంత ఉందా. అంటే మాకూ అలా కొనే కోటా ఇచ్చుంటే ఈ తిప్పలుండేవి కాదన్నమాట. ఇది మా పైవాళ్ళకి చూపిస్తే పండగ చేసుకుంటారు.


ఉప్పుగాలి:

చేసుకుంటారు, ఎందుకు చేసుకోరు. నేను పట్టిన చేప ఫలానా గేటు దగ్గరే దించాలి అని రాసిచ్చాక ఇంక నాకు బేరం ఏముందండి? మధ్యవర్తి ఉన్నాడు అంటారు, మధ్యవర్తి దగ్గరకి వెళ్ళాలంటే లాయర్ కావాలి, లెక్కలు కావాలి, నా దగ్గర గుండెకాయ తప్ప ఏముంది. పాత రోజుల్లో పంచుకున్న పాళ్ళే ఇప్పుడూ పెట్టండి అనడం ఇంకా బాగుంది, ఆ పాత పాళ్ళు తుఫానులో నిలబడి దించేసుకున్నప్పుడు పడిన రేట్లు కదా.


లెక్కల_పిచ్చి:

మీ మాటలో న్యాయం ఉంది, న్యాయశాఖ వాళ్ళ అభ్యంతరం కూడా అటు ఇటుగా ఇదే. కాకపోతే ఒక చిన్న విషయం, ప్లాంటు ఉన్న ఊరికి వేరే పనే లేకపోతే ఆ ప్లాంటు పోతే ఊరూ పోతుంది, అందుకే అక్కడ ఊళ్ళ రక్షణ కూడా ఆ రూల్లో పెట్టారు. మూడు పక్షాల్నీ ఒకేసారి మెప్పించాలని చూశారు, ఎవరూ పూర్తిగా మెప్పు పొందలేదు.


క్యూసీ_అక్క:

మీరంతా కోటా చుట్టూనే తిరుగుతున్నారు, ప్లాంటు లోపల మమ్మల్ని చంపేది వేరే రూల్స్ తమ్ముడూ. ప్లానర్ తమ్ముడు రాసుకోవాలి ఇవి.

మొదటిది వల కన్ను సైజు. కన్ను పెంచారు అనుకో, చిన్న చేప తప్పించుకుంటుంది, సముద్రానికి మంచిదే. మరి నీ ఫిల్లెట్ మెషిన్ బ్లేడ్లు, గైడ్లు ఏ సైజుకి సెట్ చేసున్నాయి? చిన్న సైజుకి ఆర్డర్ తీసుకున్న బయ్యర్‌కి ఏం చెప్తావు? మా దగ్గర ఒక లైన్ మొత్తం చిన్న గ్రేడ్ కోసమే ఉండేది, రూల్ మారిన సీజన్లో గ్రేడర్లో ఆ గేటు కింద పెట్టిన క్రేట్ షిఫ్ట్ అయ్యేసరికి సగం కూడా నిండేది కాదు, పక్క క్రేట్ పొంగిపొర్లేది. టన్నులు చూస్తే తేడా కనిపించదు, గ్రేడ్ వారీగా చూడాలి. నీ ప్లానింగ్ షీట్లో గ్రేడ్ కాలమ్ ఉందో లేదో ముందు చూసుకో.

రెండోది యూరప్ వాళ్ళ దించుడు రూల్. పట్టిన కోటా చేపని తిరిగి సముద్రంలో పారేయకూడదు, ఒడ్డుకి తేవాల్సిందే, లెక్కలో రాయాల్సిందే. 2015లో మొదలుపెట్టి విడతలవారీగా 2019 జనవరికి అన్ని కోటా చేపలకీ తెచ్చారు. కొలత కంటే చిన్న చేపని మనుషుల తిండికి నేరుగా అమ్మకూడదు, ఫిష్‌మీల్‌కో (ఎండబెట్టి దంచిన చేప పొడి), పెంపుడు జంతువుల మేతకో పోవాలి. అంటే బోటు హోల్డులో చోటు తినేస్తుంది, ఒడ్డున విడిగా పెట్టాలి, విడిగా తూకం, విడిగా కాగితం, వచ్చే డబ్బు మాత్రం నామమాత్రం. ఇంకో చిక్కు, వలలో నాలుగైదు రకాలు కలిసి పడతాయి కదా, వాటిలో ఒక రకం కోటా అయిపోతే మిగతా వాటి కోటా ఎంత మిగిలున్నా బోటు కట్టేసుకోవాలి. ఒక్క రకం గొంతు పట్టుకుంటే ఫ్లీట్ మొత్తం ఆగుతుంది, ప్లాంటుకి నువ్వు ఊహించని వారంలో అన్ని రకాలూ ఒకేసారి ఆగిపోతాయి.

మూడోది కాగితాలు. 2010 జనవరి నుంచి యూరప్‌కి వెళ్ళే సముద్రపు చేపకి క్యాచ్ సర్టిఫికెట్ కావాలి, ఏ బోటు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత పట్టింది అని. ఇది బోటు మీద పెట్టిన రూల్‌లా కనిపిస్తుంది గానీ మోసేది ప్లాంటు. ఒకసారి నేను రాత్రి తొమ్మిదింటికి లోడింగ్ ముందు చూస్తుంటే సర్టిఫికెట్లో బోటు రిజిస్ట్రేషన్ నంబర్‌కీ మా రిసీవింగ్ రిజిస్టర్‌కీ ఒక్క అంకె తేడా, ఏడు ఉండాల్సిన చోట ఒకటి. అప్పటికే ఆ బోటు చేప ఇంకో రెండు బోట్ల చేపతో కలిసి ఒకే బ్యాచ్‌లో గడ్డకట్టిన బ్లాక్‌లు అయిపోయింది. మూడు బోట్ల సరుకు ఆగింది, ఒక్క అంకె మీద. అప్పటినుంచి ప్రతి బోటు చేపకీ వేరే రంగు ట్యాగ్, కలపాలంటే నా సంతకం. లైన్ స్లో అవుతుందని తిట్టారు, తిట్టుకోనీ.

దేశం మొత్తానికి కూడా పడుద్ది. థాయ్‌లాండ్‌కి 2015 ఏప్రిల్లో యూరప్ ఎల్లో కార్డ్, అంటే హెచ్చరిక, ఇచ్చింది, అక్రమ వేటని ఆపట్లేదని, 2019 జనవరిలో గానీ తీయలేదు. ఆ మూడేళ్ళ పైచిలుకు అక్కడ బోట్లకి ట్రాకింగ్ పెట్టడం, రేవులో వచ్చే పోయే బోట్లని చెక్ చేయడం, చట్టం మార్చడం, అన్నీ చేశారు. రెడ్ కార్డ్ పడితే తలుపు మూసేస్తారు, నీ ప్లాంటు ఎంత శుభ్రంగా ఉన్నా సరే.


పాత_రేవు:

ఇవన్నీ చేప ఉన్నప్పటి కష్టాలు. అసలు వేటే ఆపేస్తే? కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1992 జూలై 2న ఉత్తరం వైపు కాడ్ అనే చేప వేట మొత్తం ఆపేశారు, మంత్రి జాన్ క్రాస్బీ ప్రకటించాడు, మొదట రెండేళ్ళు అన్నారు. సుమారు 30,000 మంది పని పోయింది, వాళ్ళలో చాలామంది బోట్ల మీద వాళ్ళు కాదు, ప్లాంట్లలో లైన్ మీద నిలబడే వాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళూ చాలామందే. కాడ్ పోయాక అక్కడ పీత, రొయ్య పెరిగాయి, వాటి విలువ తక్కువేం కాదు. కానీ కాడ్ ఫిల్లెట్ లైన్ పీతకి పనికిరాదు, పీతని ఉడకబెట్టి ముక్కలుగా విడగొట్టాలి, వేరే మెషిన్, వేరే లైసెన్సు, తక్కువ మంది, తక్కువ వారాలు. లైసెన్సు దొరికిన ప్లాంటు నిలబడింది, పక్క ఊళ్ళో దొరకనిది తుప్పు పట్టింది. ఆ రెండేళ్ళు 32 ఏళ్ళయ్యాయి, 2024లో తెరిచారు, 18,000 టన్నుల కోటాతో.

ఒక్కోసారి రూల్‌ది తప్పూ కాదు, సముద్రానిది. బేరింగ్ సముద్రం స్నో క్రాబ్ 2022 అక్టోబర్లో మొదటిసారి మూసేశారు, నీళ్ళు వేడెక్కి కోట్ల కొద్దీ పీతలు చచ్చిపోయాయి. పెరూలో 2023 మొదటి ఆంకోవీ (ఫిష్‌మీల్‌కి పట్టే చిన్న చేప) సీజన్‌నే రద్దు చేశారు, ఎల్ నీనోతో నీళ్ళు వేడెక్కాయి, వలలో అంతా పిల్లచేపే. ఫిష్‌మీల్ ప్లాంట్లు ఆ సీజన్ ఖాళీ. చిత్రం ఏంటంటే అదే పెరూలో 2009లో బోటు కోటాలు వచ్చాక ప్లాంట్లకి మేలే జరిగింది, అంతకుముందు ఏడాదికి 50 రోజుల్లో వేట అయిపోయేది, చేప రేవు బయట ఎదురుచూసి కుళ్ళేది, ఇప్పుడు తాజాగా వస్తుంది, మంచి గ్రేడ్ మీల్ వస్తుంది. అక్కడ పెద్ద కంపెనీలకి ప్లాంటూ వాళ్ళదే, బోటూ వాళ్ళదే కాబట్టి ఆ పంచాయితీయే లేదు.

ఐస్‌లాండ్ కూడా అంతే, కోటా కొనుక్కునే వీలు ఉండడంతో ప్లాంట్లే బోట్లని కొనేశాయి. బోటు ఎప్పుడు వెళ్ళాలి, ఏ చేప తేవాలి, ఎన్నింటికి రావాలి అని అక్కడ ప్లాంటే చెప్తుంది, తాజా ఫిల్లెట్ విమానం టైమ్ చూసుకుని. కోటా అమ్మేసుకున్న చిన్న ఊళ్ళు మాత్రం ఖాళీ అయ్యాయి, ఆ గొడవకే 2009లో చిన్న పడవలకి విడిగా వేసవి వేట ఇవ్వాల్సి వచ్చింది.


షిఫ్ట్_ప్లానర్:

అందరికీ చాలా చాలా థాంక్స్, రెండుసార్లు చదివా. క్యూసీ అక్కా, గ్రేడ్ కాలమ్ లేదు :( రేపే పెడతా. అర్థమైంది ఏంటంటే మాకు చేప తగ్గలేదు, మా ఫ్రీజర్ బలం పోయింది, పైవాళ్ళకి ఇది ఎలా చెప్పాలో చూస్తా. ఇప్పుడు ప్రాక్టికల్‌గా ఒకటి అడుగుతా. మాకు బోట్లు కొనే స్తోమత లేదు, కొనే కోటా ఎవరూ ఇవ్వరు. బోటు వాళ్ళతో ముందే మాట్లాడుకుని ఏ వారం ఎవరు ఎన్ని టన్నులు తెస్తారో రాసుకుంటే, అలా తెచ్చినవాళ్ళకి కేజీకి కొంచెం ఎక్కువ ఇస్తే పనిచేస్తుందా? అరవై మందిని ఊరికే నిలబెట్టిన రోజు కూలీ లెక్కేస్తే ఆ ఎక్కువ ఇచ్చినా మాకే మిగులుతుంది అనిపిస్తోంది.


లెక్కల_పిచ్చి:

పనిచేస్తుంది, చాలాచోట్ల అదే చేస్తున్నారు. కాకపోతే తేదీ రాయకండి, మూడు రోజుల గడువు రాయండి, గాలి ఎవరి మాటా వినదు. రేటు కూడా ఒక్కటే కాదు, దించేసరికి చేప టెంపరేచర్ ఎంతుంది అన్నదానికి ఒక మెట్టు, ముందురోజు మధ్యాహ్నంలోపు రేడియోలోనో ఫోన్లోనో హోల్డులో ఎంతుందో, ఏ సైజో చెప్తే ఇంకో మెట్టు. ఆ ఫోన్ వస్తే మీరు మనుషుల్ని సరిగ్గా పిలవగలరు, నాకు తెలిసి మీకు దానికి మించింది లేదు.


ఉప్పుగాలి:

ఫోన్ చేస్తాం అండీ, ఎందుకు చెయ్యం. టెంపరేచర్ చూసి రేటు అన్నారు కాబట్టి ముందు ఐస్ ఎవరు ఇస్తారో అది తేల్చండి. మీ ప్లాంటులో ఐస్ మెషిన్ ఇప్పుడు సగం ఖాళీగానే నడుస్తుండాలే, ఆ పెద్ద రోజులు లేవు కదా. వెళ్ళేటప్పుడు హోల్డు నింపి పంపండి, వచ్చేటప్పుడు మీ గేటుకే వస్తాం.


క్యూసీ_అక్క:

ఐస్ ఇస్తే ఐస్ నీళ్ళ టెస్ట్ రిపోర్ట్ కూడా నాకు పంపాలి తమ్ముడూ, ముందే చెప్తున్నా.